విద్యార్థి వ్యాసములలో ‘మేము’, ‘మనము’: ఒక విమర్శ

విద్యార్థుల వ్యాసములను దిద్దునప్పుడు ఉపాధ్యాయులమైన మా దృష్టి ముందుగా అక్షరదోషములపై పడును. ‘ప్రార్థన’ను ‘ప్రార్ధన’ అనియు, ‘అర్థము’ను ‘అర్ధము’ అనియు వ్రాయుట తరచుగా కనబడును. ‘వచనము యొక్క అర్ధము’ అనినచో వచనములో సగమని భావము. ఇట్టివి నిఘంటువు చూచి సరిచేసికొనవచ్చును. అయితే బోధనే మార్చివేయు దోషము మరియొకటి కలదు. అది ‘మేము’, ‘మనము’ అను సర్వనామముల తారుమారు.

వినువారిని కలుపుకొని పలుకునది ‘మనము’. వారిని విడిచి పలుకునది ‘మేము’. ఈ భేదము ఆంగ్లములో లేదు. బైబిలు మూలభాషలైన హెబ్రీ, గ్రీకులలోను లేదు. కావున ఆంగ్ల గ్రంథములు చదివి తెలుగులో వ్రాయు విద్యార్థి ప్రతిచోట తానే నిర్ణయించుకొనవలెను.

“ప్రభువా, మన పాపములను క్షమించుము” అని వ్రాసిన విద్యార్థి తెలియకయే దేవుని పాపుల వరుసలో నిలుపుచున్నాడు. అచ్చట ‘మా పాపములను’ అనవలెను. ప్రసంగములోనైతే “మేము మారుమనస్సు పొందవలెను” అని సంఘముతో పలికినచో, వినువారు ఆ పిలుపునకు వెలుపల ఉండిపోవుదురు.

యోహాను మొదటి పత్రిక తెలుగు అనువాదము ఇందుకు మంచి పాఠము. మొదటి అధ్యాయపు ఆరంభ వచనములలో ‘మేము’ కలదు. కన్నులార చూచినవారు చూడనివారితో పలుకుచున్నారు. 8వ వచనములో ‘మనము’ కలదు. పాపము లేదనుకొను మోసము ఇరువురికిని పొంచియున్నదే. గ్రీకులో రెండుచోట్ల ఉన్నది ఒకే ఉత్తమపురుష బహువచనము. ఆ భేదమును అనువాదకులు సందర్భమునుబట్టి నిర్ణయించిరి. అనగా ఇచ్చట వ్యాకరణమే వ్యాఖ్యానము.

అన్నిచోట్ల నిర్ణయము ఇంత సులభము కాదు. 2 కొరింథీయులకు 5:18లోని సమాధానపరచు పరిచర్య ఎవరికి అప్పగింపబడినది? ‘మాకు’ అనినచో పౌలుకును అతని జతపనివారికిని. ‘మనకు’ అనినచో సంఘమంతటికిని. ఒక్క అక్షరముపై విశ్వాసులందరి పరిచర్యను గూర్చిన బోధ ఆధారపడుచున్నది. ఇట్టిచోట విద్యార్థి తన ఎంపికకు కారణము వ్రాయవలెను.

ఎఱ్ఱసిరాతో సున్న చుట్టి వదలివేయు మా అలవాటు కూడ ఈ దోషము నిలుచుటకు కొంత కారణమే. సర్వనామము ప్రక్కన “ఎవరితో మాటలాడుచున్నావు? వారు ఇందులో ఉన్నారా?” అని వ్రాసినచో విద్యార్థి తన వాక్యమును తానే దిద్దుకొనును. రేపు ప్రసంగపీఠమునెక్కినప్పుడు ఆ ప్రశ్న అతనికి తోడుండును.