పట్టేసిన టేపర్

మిల్లింగ్ యంత్రంలో కోత పనిముట్టును తిప్పే బోలు ఇరుసును స్పిండిల్ అంటారు. పనిముట్టును బిగించే ఉక్కు దిమ్మ టూల్ హోల్డర్. దాని వెనక భాగం సన్నబడుతూ పోయి, స్పిండిల్ లోపల అదే వాలుతో తొలిచిన గుంటలో కూర్చుంటుంది; స్పిండిల్ గుండా వచ్చే పొడవాటి బోల్టు, అంటే డ్రాబార్, దాన్ని వెనక నుంచి లాగి పట్టి ఉంచుతుంది. ఆ వాలుకే టేపర్ అని పేరు.

డ్రిల్లింగ్ యంత్రాల్లోని మోర్స్ టేపర్ వాలు సుమారు 20కి 1 కాబట్టి అది రాపిడితోనే పట్టుకుని ఉంటుంది, విడిపించాలంటే డ్రిఫ్ట్ అనే చీలను పక్క గాడిలో దూర్చి కొట్టక తప్పదు. మిల్లింగ్ స్పిండిళ్లలో సర్వసాధారణమైన టేపర్ వేరు: 24 అంగుళాల పొడవుకు వ్యాసం 7 అంగుళాలు తగ్గే ఆ వాలును, డ్రాబార్ వదులు చేయగానే హోల్డర్ జారిపోవాలనే ఉద్దేశంతో నిర్ణయించారు. అయితే ఆ శంకువు ఒక పక్క కోణం 8.3 డిగ్రీలే గనుక, రాపిడి గుణకం, అంటే జారుడును అడ్డుకునే బలానికీ నొక్కుడు బలానికీ ఉన్న నిష్పత్తి, 0.146 దాటితే హోల్డర్ కదలదు. పలచని నూనెపొర ఉన్న ఉక్కు సాధారణంగా ఈ హద్దుకు ఇవతలే ఉంటుంది. తుప్పు పట్టిన పొడి ఉక్కు ఇట్టే అవతలికి పోతుంది. వదిలేలా చేసిన టేపర్ పట్టేయడంలో వింతేమీ లేదన్నమాట.

వేడి పాత్ర ఇంకా పెద్దది. రోజంతా తిరిగి వేడెక్కిన స్పిండిల్‌లో చల్లని హోల్డర్ బిగించి రాత్రికి వదిలేస్తే, 40 నంబరు టేపర్ పెద్ద చివర, అంటే 44.45 మిల్లీమీటర్ల వ్యాసం దగ్గర, 20 డిగ్రీల తేడాకే స్పిండిల్ గుంట దాదాపు 10 మైక్రాన్లు ముడుచుకుని హోల్డర్‌ను బిగించేస్తుంది. మార్కాపురం వైపు పలకరాయి కోసే షెడ్ల పక్కనున్న షాపులోనైతే సన్నని రాతిపొడి కూడా దీనికి తోడవుతుంది.

విడిపించేటప్పుడు ముందు మెయిన్ ఆపి, కట్టర్‌కు గుడ్డ చుట్టి, హోల్డర్ పడితే దెబ్బ తినకుండా బల్ల మీద చెక్క దిమ్మె పెట్టాలి. డ్రాబార్‌ను ఒకటి రెండు చుట్లు మాత్రమే వదులు చేయాలి. దాదాపు పూర్తిగా విప్పితే దెబ్బ మిగిలిన ఒకటి రెండు మరల మీదే పడి అవి చెడతాయి, హోల్డర్‌కు ఆధారమూ పోతుంది. ఆ తర్వాత ఇత్తడి లేదా రాగి సుత్తితో డ్రాబార్ తల మీద ఒక్క పొడి దెబ్బ వేయాలి. రాకపోతే దెబ్బ పెంచడం కంటే చొచ్చుకుపోయే నూనె పోసి కొంత సేపు ఆగి, వేడి నీళ్లలో పిండిన గుడ్డతో స్పిండిల్ ముక్కును వెచ్చజేయడం మేలు. గ్యాస్ మంట జోలికి పోకూడదు. ఉక్కు గట్టిదనమూ, బేరింగుల గ్రీజూ రెండూ పోతాయి. పెద్ద సుత్తితో బాదే పద్ధతిని షాపుల్లో ధైర్యంగా చెప్పుకుంటారు గానీ, ఆ దెబ్బ చేరేది బేరింగులకే; గోళీలు నడిచే దారిలో గుంటలు పడితే ఆ తర్వాత కోసిన ప్రతి తలం మీదా అలలు కనిపిస్తాయి.



బయటికి వచ్చిన హోల్డర్ మీద ఎర్రమట్టి రంగు పొడి కనిపిస్తే అది సన్నని కంపనాల వల్ల రెండు ఉక్కు తలాలు ఒరుసుకుని పుట్టిన తుప్పు. దాన్ని తుడిచి, శంకువు మీద నీలి రంగు పలచగా పూసి ఒకసారి కూర్చోబెట్టి తీస్తే, రంగు ఎక్కడ అంటిందో అక్కడే పట్టు ఉందని తెలుస్తుంది. చిన్న చివర మాత్రమే అంటితే స్పిండిల్ గుంటను గ్రైండింగ్ చేయించాల్సిందే.