చెరువు తవ్వించినవాళ్ళు, తవ్వినవాళ్ళు

తిరుపతి అంచున అవిలాల ఉంది. ఇప్పుడక్కడ ఊరికీ నగరానికీ మధ్య గీత చెరిగిపోయింది గానీ, విజయనగర కాలపు తిరుమల శాసనాల్లో అది గుడికి చెందిన ఊరు. ఆ శాసనాల్ని దేవస్థానం 1930లలో సంపుటాలుగా అచ్చు వేసింది. చరిత్రకారులు వాటిని తేదీల కోసం తిరగేస్తారు. సాహిత్య పాఠకులం మనం మాత్రం ముట్టుకోం. ముట్టుకోవాలని నా వాదన. కరువు సీమలో నీళ్ళ కథని ఎవరు ఎలా చెప్పారో తెలిసేది అక్కడే.

చాలా శాసనాల నడక ఒకటే. ఫలానా దాత ఇంత సొమ్ము ఇచ్చాడు. ఆ సొమ్ముతో గుడి ఊళ్ళలో చెరువులు, కాలువలు బాగుచేయాలి. పెరిగిన పంటతో స్వామికి రోజూ ఇంత నైవేద్యం పెట్టాలి. ఆ ప్రసాదంలో నాలుగో వంతు దాతది. ఇదంతా సూర్యచంద్రులున్నంత కాలం సాగాలి. అన్నమయ్య కొడుకు పెద తిరుమలాచార్యుడు కూడా ఈ శాసనాల్లో దాతగా కనిపిస్తాడు. మనం కవి వంశం అనుకునే ఇల్లు ఇక్కడ పెట్టుబడి పెట్టే ఇల్లు.

ఈ ఏర్పాటును లోకానికి స్పష్టంగా చూపింది బర్టన్ స్టైన్. 1960లో వచ్చిన వ్యాసంలో ఆయన తిరుపతి గుడిని భక్తి కేంద్రంగానే కాక ఆర్థిక సంస్థగా కూడా చదివాడు. కానుక నీరుగా, నీరు వరిగా, వరి ప్రసాదంగా మారే దారిని పట్టుకున్నాడు. గొప్ప చదువు అది. కాకపోతే ఆయన డబ్బు వెంట నడిచాడు, పార వెంట నడవలేదు.

శాసనంలో చెరువు 'తవ్వించబడుతుంది'. తవ్వేవాళ్ళు వాక్యంలో ఉండరు. ఈ ప్రాంతంలో మట్టిపని అంటే ఒడ్డెలు. తూము తెరిచి ఏ మడికి ఎంత నీళ్ళో పంచేది నీరుగంటి. చెరువు కింద పొలాల్లో ఎలకల్ని పట్టేది యానాదులు. గట్టుకి ఎలక బొక్క పడితే నీళ్ళు నిలవవు. ఆ బొక్క ఎటు తిరిగి ఎక్కడ తేలుతుందో చెప్పగలిగిన మనిషి ఇంజనీరే నా లెక్కలో. ఆ బొక్కలోంచి దొరికిన వడ్లే ఆ పూట అతని కూడు.

అదే మనిషి ఇంకో రకం కాగితంలో మాత్రం బాగానే కనబడతాడు. నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసు రాష్ట్రానికి వచ్చింది. చిత్తూరు జిల్లా ఏర్పడింది కూడా ఆ ఏడే. యానాదుల్లో కొన్ని సమూహాలు ఆ జాబితాకెక్కాయి. స్వాతంత్ర్యం వచ్చాక, 1952లో గానీ దేశమంతటా ఆ ముద్ర చెరగలేదు. అంటే కట్ట కాపాడినప్పుడు పేరు లేదు, అనుమానించాల్సి వచ్చినప్పుడు పేరుంది.

ఇక్కడే నాకు కేశవరెడ్డి 'చివరి గుడిసె' అవసరమనిపిస్తుంది. చిత్తూరు జిల్లాలో పుట్టి, నిజామాబాద్ వైపు కుష్ఠురోగుల డాక్టరుగా పనిచేసిన ఈ రచయిత యానాదుల్ని నవల మధ్యలో నిలబెట్టాడు. దాన్ని 'అట్టడుగు జీవితాల చిత్రణ' అని ఒక్క ముక్కలో తేల్చేస్తుంటాం. అది చాలా తక్కువ చేసి చూడటం. శాసనమూ పోలీసు రిజిస్టరూ రెండూ వదిలేసిన చోట మొదలయ్యే స్థానిక చరిత్ర అది.

శాసనం ఒక ఒప్పందపత్రం, అందులో కూలీల పేర్లు వెతకడం అన్యాయం కదా అనొచ్చు. నిజమే. రాతిని తప్పుపట్టి లాభం లేదు. తప్పు మన చదువులో ఉంది. 'మన పూర్వీకుల అద్భుత నీటి యాజమాన్యం' అని పోస్టులు పెట్టేటప్పుడు దాతలొక్కరే మన పూర్వీకులు, తవ్వినవాళ్ళు కారు.

పద్ధతి పోయిందా అంటే అదీ లేదు. కృష్ణ నీళ్ళను చెన్నైకి మోసే తెలుగుగంగ కాలువ శ్రీకాళహస్తి ప్రాంతం మీదుగానే పోతుంది. ఏ కాలువ దగ్గరైనా శిలాఫలకం చూడండి, ప్రారంభించినవారి పేరే ఉంటుంది. అందుకే ఆ శాసన సంపుటం ఒక చేత్తో, 'చివరి గుడిసె' ఇంకో చేత్తో పట్టుకుని చదవమంటున్నాను. ఒకటి లేకుండా రెండోది సగం చెరువే.