12 మెట్ల మీద మొగులయ్య

దర్శనం మొగులయ్య పాడుతుంటే గొంతు ఆగినచోట చెవి పెట్టి వినాలి. పాలమూరు పేదల దేవుడు పండుగోళ్ళ సాయన్న కథను ఆయన ఒక్కో గుక్కలో చాలా దూరం లాగుతారు. ఊపిరి కోసం ఆగిన ఆ సందులోకి ఆయన చేతిలోని తీగ వాద్యం కిన్నెర దూరుతుంది. కాసేపు తానే కథ చెబుతున్నట్టు మోగి, మళ్ళీ గొంతుకు దారిస్తుంది. కథ ఎంత దూరం నడిచినా కిన్నెర వరస పెద్దగా మారదు, అయినా విసుగు రాదు. కదలని ఆ వరస మీదే కథ పరుగెడుతుంది. 1970లలో జర్మనీలో 'నోయ్' బృందం డ్రమ్మర్ క్లౌస్ డింగర్ కూడా పాట పొడుగునా ఒకే దరువు సాగదీసి పేరు తెచ్చుకున్నాడు. మొగులయ్య పక్కన వేరే డప్పు లేదు, తాళం లేదు. దరువూ రాగమూ ఆ తీగలోంచే రావాలి.

ఆ వాద్యం చూడండి. వెదురు కర్ర, దాని కింద ఎండిన సొర బుర్రలు, పైన లోహపు తీగలు. తీగ నొక్కే మెట్లు కదలకుండా తేనె మైనం. పూసలూ నెమలి ఈకలూ అందానికి. తీగకు గొంతునిచ్చేది మాత్రం సొర బుర్రలోని గుల్లే. ఒక చెయ్యి 12 మెట్ల మీద తిరుగుతుంటే రెండోది తీగ మీటుతుంది, నోరు కథ నడుపుతుంది. మూడు పనులూ ఒక్క మనిషివే.

ఆయనది పాత పాలమూరు జిల్లాలోని లింగాల మండలం, అవుసలికుంట. మాదిగలకు జాంబపురాణం చెప్పే డక్కలి కళాకారుల వారసత్వం. 2021 సెప్టెంబర్ 2న 'భీమ్లా నాయక్' సినిమా పాట వచ్చింది. సంగీత దర్శకుడు తమన్ స్వయంగా డ్రమ్మర్. డ్రమ్స్ హోరు ఎత్తుకోకముందే పాట మొదట్లో మొగులయ్య గొంతుకు చోటిచ్చాడు. ఆ నిర్ణయానికి నా నమస్కారం. 2022లో మొగులయ్యకు పద్మశ్రీ వచ్చింది. 2024లో అదే మనిషి తుర్కయాంజల్‌లో కూలిపని చేస్తూ వీడియోలో కనిపించారు. చూసి మనసు కలుక్కుమంది.

సినిమా పాట దగ్గరే ఆగిపోకండి. సాయన్న కథను మొదటినుంచి చివరిదాకా ఆయన నోట వినండి. మీ ఊరి బడికో సభకో పిలిచి, తగిన పారితోషికం ఇచ్చి, పాడించండి.