విడుదల కాదు, వాయిదా

సాహిత్య పత్రికలో బ్యాంకు ఆఫీసరుకేం పని అని పాఠకులు అడగవచ్చు. నేను చదివింది కామర్సు. కవిత్వం గుణదోషాలు చెప్పే శక్తి నాకు లేదు. ఒక మాట ఎంత ఇస్తానంటుందో, చివరికి ఎంత ఇస్తుందో సరిచూడడం మాత్రం అలవాటు. ఈసారి సరిచూడదలచిన మాట "విడుదల".

2020 వేసవిలో షోలాపూరులో ఒక బ్రాంచిలో ఉన్నాను. ఒకరోజు మన పద్మశాలీ ఆమె ఒకతె, కొంగు మూతికి అడ్డం పెట్టుకుని, అద్దం అవతలనుంచి "వాయిదా ఎన్నాళ్లు ఇచ్చిండ్రు సార్?" అని అడిగింది. రోజుకు నూరుసార్లు చెబుతున్న జవాబే చెప్పాను: ముందు మూడు నెలలు, పైన ఇంకో మూడు, ఆగస్టు 31 దాకా కిస్తు కట్టనక్కరలేదు, వడ్డీ మాత్రం నడుస్తూనే ఉంటుంది. ఆమె తల అడ్డంగా ఊపింది. "కిస్తుది కాదు సార్. మా ఆయనది. నలభై అయిదు రోజులకు ఇంటికి పంపిండ్రు. కాయిదం చూసి చెప్పుండ్రి."

కాగితం మరాఠీలో ఉంది. పెరోల్‌కు మరాఠీ మాట "అభివచన రజా". అంటే హామీ మీద ఇచ్చే సెలవు. ఆ రోజుల్లో మన తెలుగు పత్రికలు మాత్రం "ఖైదీల విడుదల" అనే రాశాయి. ఒకటి సెలవంటుంది, ఒకటి విడుదలంటుంది. మరాఠీ గుమాస్తా మన విలేకరికన్నా నిజం చెప్పాడని అప్పుడే అనిపించింది.

అసలు జరిగినదేమిటి? 2019 చివరికి దేశంలోని జైళ్లలో 4,03,739 మందికి చోటుంటే 4,78,600 మంది ఉన్నారు. వారిలో నూటికి 69 మంది విచారణ ఖైదీలు. జనం కిక్కిరిసిన గదుల్లోకి అంటురోగం వస్తే ఏమవుతుందో సుప్రీంకోర్టు తనంతట తానే విచారణకు తీసుకుని, 2020 మార్చి 23న ప్రతి రాష్ట్రంలోనూ ఉన్నతాధికార కమిటీ వేయమంది. ఎవరిని, ఎంతకాలం పంపాలో ఆ కమిటీలే తేల్చాలి. ఏడేళ్లు, అంతకు తక్కువ శిక్షపడే నేరాల వారిని చూడవచ్చునని ఉదాహరణగా చెప్పింది. కోర్టు భయం ఊరికే కాదు. 804 మందికి కట్టిన బొంబాయి ఆర్థర్ రోడ్ జైలులో మే నెలలోనే నూరుమందికి పైగా ఖైదీలకు జబ్బు సోకింది.

మహారాష్ట్ర ప్రభుత్వం మే 8న తన 1959 నాటి నియమాలను సవరించింది. ఆ సవరణ చదువుతుంటే మా రుణాల మాన్యువల్ చదువుతున్నట్టే ఉంటుంది. ఏడేళ్లకు మించి శిక్షపడినవాడు గతంలో రెండుసార్లు సెలవు మీద వెళ్లి గడువులోగా తిరిగివచ్చి ఉండాలి. అప్పుడు 45 రోజులు, ఆపైన ముప్పయ్యేసి రోజుల చొప్పున పొడిగింపు. మరి ఇంతవరకు ఒక్క సెలవూ దొరకనివాడి సంగతేమిటి? అప్పు తీసుకున్న చరిత్ర లేనివాడికి అప్పు పుట్టనట్టే! ఈ షరతు మీద హైకోర్టుకు వెళ్లవలసి వచ్చింది. బ్యాంకు కుంభకోణాల వారికి పెరోల్ లేదన్నది కూడా అందులోనే ఉంది. మావాళ్లకు ఆ గౌరవమైనా దక్కింది.

ప్రత్యేక చట్టాల కింద ఉన్నవారిని కూడా పక్కన పెట్టారు. ఆ కారణంగా మన కవి ఒకరు బయటే ఉండిపోయారు, అంటే లోపలే ఉండిపోయారు. ఉపా చట్టం కింద తలోజా జైలులో ఉన్న వరవరరావుకు 2020 జులైలో కరోనా సోకింది. అప్పటికాయనకు 79 ఏళ్లు. 2021 ఫిబ్రవరి 22న బొంబాయి హైకోర్టు ఆరోగ్య కారణాల మీద ఆరు నెలల బెయిలిచ్చింది, బొంబాయి విడిచి వెళ్లరాదన్న షరతుతో. ఆ ఆరు నెలలూ పొడిగింపులతో సాగి సాగి 2022 ఆగస్టు 10న సుప్రీంకోర్టు బెయిలుతో ఒక కొలిక్కి వచ్చాయి. ఆయన రాజకీయాలతో నాకు ఏకీభావం లేదు. కాని అది కూడా విడుదల కాదు, వాయిదాయే.

కోర్టులోనూ బ్యాంకులోనూ ఒకే అర్థంలో వాడుకునే మాట ఇదొక్కటే అనుకుంటాను. వాయిదా వేసినంత మాత్రాన బాకీ తగ్గదు. అయితే రెండు బాకీల లెక్కా ఒకటి కాలేదు. కిస్తులు ఆపుకున్న కాలానికి వడ్డీ మీద వడ్డీ వేయరాదని సుప్రీంకోర్టు 2021 మార్చి 23న చెప్పింది. మేం తిరిగి జమ చేశాం. కరోనా పెరోల్ మీద బయట ఉన్న రోజులు శిక్షలో కలవవని అదే కోర్టు 2023 మార్చిలో చెప్పింది. అదే నెలలో, పదిహేను రోజుల్లో అందరూ లొంగిపోవాలని కూడా చెప్పింది. ఇంట్లో పడుకున్న రాత్రిని జైలు రాత్రిగా లెక్కించమని నేను వాదించను. అడిగేది ఒక్కటే, ఆ సంగతి మొదటిరోజునే వాడి భాషలో ఎవరైనా చెప్పారా అని.

ఇక మన కథకుల సంగతి. కరోనా మీద తెలుగులో కుప్పలుగా కథలొచ్చాయి. నేను చదివినంతలో అన్నీ కాలినడకన పోయే కూలీలు, ఆసుపత్రులు, శవాలు. జైలునుంచి ఇంటికి వచ్చినవాడు లేడు. ఉన్నా జైలు తలుపు తెరుచుకోగానే కథ ముగిసిపోతుందేమో, సినిమాలో మాదిరి. తలుపు తెరిచాకే అసలు కథ. 2021 మే 7న జస్టిస్ ఎన్.వి. రమణ నాయకత్వంలోని ధర్మాసనం, అంతకుముందు వెళ్లి వచ్చినవారిని మళ్లీ 90 రోజులకు పంపమంటూనే, కొందరు ఖైదీలు బయటికి రావడానికి ఇష్టపడకపోవచ్చునని, వారి మాట కూడా ఆలకించమని చెప్పింది. వెళ్లడానికి ఇల్లు లేనివాడు, ఊరు రానీయనివాడు, రోగానికి జైలే నయమనుకున్నవాడు. ఉత్తర్వు రాసిన న్యాయమూర్తికి తట్టిన మనిషి కథ రాసేవారికి ఎందుకు తట్టలేదు?

మా ఖాతాదారు ఇంట్లోనూ అంతే. మరమగ్గాలు ఆగిపోయి ఉన్నాయి. తువ్వాళ్ల కార్ఖానాలో ఆమెకే పనిలేదు, ఇంట్లో తినే నోరు ఒకటి పెరిగింది. పిల్లలు తండ్రిని కొత్తచుట్టంలా చూశారట. పొరుగువారు మాత్రం, కరోనా తెచ్చాడో ఏమోనని, కుళాయి దగ్గర ఆమెను పక్కకు జరగమన్నారట. ముప్పై రోజులకోసారి పొడిగింపు వచ్చిందో లేదో కనుక్కుంటూ, ఆ భయంలోనే రెండేళ్లు సంసారం చేశారు.

2022 మేలో అందరినీ వెనక్కి రమ్మన్నారు. ఆయనను దింపి వచ్చిన మర్నాడు ఆమె కిస్తు కట్టడానికి బ్రాంచికి వచ్చింది.

"రెండేండ్లు అయింది గద సార్. అవి శిక్షల పోతయా?"

ఫర్లో రోజులయితే శిక్షలో కలుస్తాయి, పెరోల్ రోజులు కలవవు. ఇది 1959 నియమాల్లోనే ఉంది. కలవవమ్మా అన్నాను.

"పేపర్ల విడుదలైండ్రని రాసిన్రు గద" అంది. తర్వాత పాసుబుక్కు తీసుకుని, కట్టిన కిస్తు ఎక్కిందో లేదో రెండుసార్లు చూసుకుని వెళ్లిపోయింది.