భావనాఋషి: ఒక అరుదైన పురుషనామం

మార్కండేయుని పేరు తెలియని తెలుగువారు అరుదు. యమపాశానికి వెరవక శివలింగాన్ని కౌగిలించుకున్న ఆ బాలభక్తుని కథ హరికథల్లోను, నాటకాల్లోను, చలనచిత్రాల్లోను పలుమార్లు చెప్పబడింది. మార్కండేయ, మార్కండేయులు అనే వ్యక్తినామాలు ఆ ప్రసిద్ధి ఫలితమే. ఆయన కుమారునిగా పద్మశాలీలు కొలిచే భావనాఋషి సంగతి వేరు. నేత కులాల వెలుపల ఆ పేరు విన్నవారు తక్కువ. ఆ పేరు పెట్టుకున్నవారు మరీ తక్కువ. ఒకే వంశకథలో తండ్రి పేరు దేశమంతా ఎక్కగా, కుమారుని పేరు మగ్గం దాటి ఎందుకు రాలేదన్నది సాహిత్యానికి, సమాజచరిత్రకు ఉమ్మడి ప్రశ్న. తెలుగు నేతకుటుంబాలు వలసవెళ్లిన సూరత్ వంటి నగరంలో ఆ ప్రశ్న మరింత పదునెక్కుతుంది.

కథకు పాఠాంతరాలు పెక్కు ఉన్నా సారాంశం ఒకటే. దేవతల మానసంరక్షణకు వస్త్రం కావలసివచ్చినప్పుడు మార్కండేయ మహర్షి యజ్ఞం తలపెట్టాడు. హోమగుండం నుంచి భావనాఋషి ఆవిర్భవించాడు. విష్ణువు నాభికమలపు తూడు నుంచి నూలు సంపాదించి తొలి వస్త్రం నేశాడు. సూర్యుని కుమార్తె భద్రావతిని పరిణయమాడాడు. వారి సంతతి నుంచే నూటొక్క గోత్రాలు ఏర్పడ్డాయని పద్మశాలీల విశ్వాసం. 'పద్మ' శబ్దానికి ఆ తామరతూడే మూలమని కూడా వారు చెబుతారు. లోకోత్పత్తి కథలు అనేకం ఉన్నా, వీరపురుషుణ్ణి గాక పనివాణ్ణి మూలపురుషునిగా నిలిపినవి కొన్నే. ఈ ఋషి తపస్సు చేసి ఊరుకోలేదు. పడుగు పోశాడు, పేక నడిపాడు.

ఇక్కడ ఒక గ్రంథనామం తికమకకు కారణమవుతున్నది. తిక్కన శిష్యుడైన మారన పద్నాలుగవ శతాబ్ది తొలిభాగంలో మార్కండేయ పురాణాన్ని తెనిగించి ప్రతాపరుద్రుని సేనాని గన్నయకు అంకితమిచ్చాడు. పెద్దన మనుచరిత్రకు మూలమైన ప్రవరుని వృత్తాంతం అందులోనిదే. పద్మశాలీలు తమ కులకథను చెప్పించుకునేది కూడా మార్కండేయ పురాణమన్న పేరుతోనే గాని ఈ రెండూ ఒకటి కావు. మొదటిది మనువుల కథలు, దేవీమాహాత్మ్యం ఉన్న మహాపురాణానికి తెలుగు రూపం. రెండవది కులపురాణం, దాని నాయకుడు భావనాఋషి. మహాపురాణపు గౌరవాన్ని తండ్రి పేరు ద్వారా కులపురాణం అందుకున్నది. కుమారుని కథకు అటువంటి ఆసరా ఏ మహాకవి చేతుల మీదుగానూ దక్కలేదు.

ఆ లోటు తీర్చినవారు కూనపులివారు. పద్మశాలీలను ఆశ్రయించి జీవించే ఈ కథకులు తెలంగాణ పల్లెల్లో పటం వేలాడదీసి, ఒక్కొక్క గడిని చూపుతూ భావనాఋషి చరిత్రను గానం చేసేవారు. పటాన్ని నకాషీ చిత్రకారులు రచిస్తారు. చేర్యాల అందుకు పేరెన్నికగన్న ఊరు. ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, బంక కలిపి పూతలు పూసి, ఆరిన తరువాత బొమ్మలు దిద్దుతారు. నేతగాని మూలకథ నేతగాని గుడ్డ మీదనే లిఖితమయిందన్నమాట. ఈ కావ్యానికి శ్రోతలు కూడా నేతగాళ్లే. పోషకులు, ఆధారవస్త్రం, కథావస్తువు ఒకే వృత్తికి చెందడం ఈ ప్రక్రియ బలం. కథానాయకుని పేరు ఆ వృత్తి పొలిమేర దాటకపోవడానికి కారణం కూడా అదే.

పేరు నిర్మాణాన్ని పరిశీలిస్తే ఇదే విషయం మరొక విధంగా రుజువవుతుంది. వ్యాకరణం ప్రకారం భావనా, ఋషి అనే పదాలకు గుణసంధి జరిగి 'భావనర్షి' కావాలి. మహర్షి, రాజర్షి, బ్రహ్మర్షి అలా ఏర్పడినవే. జనవ్యవహారంలో నిలిచింది మాత్రం సంధి లేని రూపం: భావనాఋషి, లేదా భావనారుషి. పండితుని గ్రంథం నుంచి దిగివచ్చిన పేరయితే సంధితోనే వచ్చేది. ఇది నోటి నుంచి నోటికి నడిచిన పేరు. అర్థం విషయంలోనూ జాగ్రత్త అవసరం. నేటి తెలుగులో 'భావన' అంటే ఊహ. సంస్కృతంలో అది 'భూ' ధాతువు ప్రేరణార్థకం నుంచి పుట్టిన మాట. లేనిదానిని ఉండేటట్లు చేయడం దాని మూలార్థం. మీమాంసకులు ఫలాన్ని సాధించే వ్యాపారాన్ని భావన అన్నారు. ఆయుర్వేదంలో చూర్ణాన్ని రసంలో పదేపదే నానబెట్టి నూరడం భావన. ఈ అర్థాల వెలుగులో భావనాఋషి ఊహల్లో తేలే ముని కాడు, ఉనికిలోకి తెచ్చే ముని. నూలును వస్త్రంగా మార్చినవానికి ఇంతకన్న తగిన పేరు దొరకదు.

అయినా ఈ పేరు బిడ్డలకు విరివిగా పెట్టలేదు. కోస్తా జిల్లాల నేత ఊళ్లలో భద్రావతీ సమేత భావనాఋషి స్వామికి ఆలయాలున్నాయి. అయితే దేవుని పేరు కావడం మాత్రమే అరుదుతనానికి కారణం కాజాలదు. వేంకటేశ్వరుని పేరు ఇంటింటా ఉంది. అయిదక్షరాల దీర్ఘనామం కావడం, 'ఋషి' అనే బిరుదు వంటి పదం చివర ఉండడం, కులవ్యవహారంలోనే అర్థమయ్యే పేరు కావడం అన్నీ కలిసి దీనిని పిలుపుకన్న ప్రార్థనకే తగినదిగా చేశాయి. ఇరవయ్యవ శతాబ్ది ఉత్తరార్ధంలో పట్టణాలు, పాఠశాలలు, చలనచిత్రాలు పొట్టి సంస్కృత నామాలను ప్రచారంలోకి తెచ్చినప్పుడు ఇటువంటి దీర్ఘనామాలు మరింత వెనుకబడ్డాయి.

వలస ఈ కథలో తరువాతి ఘట్టం. చేమగ్గం తిండిపెట్టలేని రోజుల్లో తెలంగాణ పద్మశాలీలు షోలాపూరు, బొంబాయి, భివండి, సూరత్ దారులు పట్టారు. షోలాపూరులో సహకార ఆసుపత్రికి సైతం మార్కండేయుని పేరే పెట్టుకున్నారు. ప్రవాసంలో సంఘానికి గుర్తుగా నిలిచింది తండ్రి పేరే. పొరుగువారికి పరిచితమైన పేరు అదే గనుక. తాపీ తీరాన జరీకి, కృత్రిమ పట్టుకు కేంద్రమైన సూరత్‌లో మరమగ్గాలు ఒరియా, మరాఠీ, హిందీ, తెలుగు శ్రామికులను ఒకచోట చేర్చాయి. ఆ నగరపాలక సంస్థ ప్రాథమిక పాఠశాలలు నడిపే ఏడు మాధ్యమాల్లో తెలుగు ఒకటి కావడం ఈ వలసకు అధికారిక సాక్ష్యం.

ఈ నగరంలో భావనాఋషి అనే పేరు పలికితే ఏమవుతుంది? ముందు ఒక అనుకూలత. 'ఋ'కారాన్ని హిందీవారు 'రి' అంటారు గాని గుజరాతీ, మరాఠీ, ఒరియా భాషలవారు తెలుగువారివలె 'రు' అనే పలుకుతారు. కనుక 'రుషి' అనే ఉత్తరార్ధం సూరత్ వీధిలో చెక్కుచెదరదు; పైగా రుషి అనేది గుజరాతీ కుటుంబాల్లో బాగా వాడుకలో ఉన్న మగపిల్లల పేరు. చిక్కంతా పూర్వార్ధంతోనే. గుజరాతీలో భావనా సుపరిచితమైన స్త్రీనామం. 'భావ్' అంటే బట్టల బజారులో ధర. ఋషిని ఎరుగని చెవికి ఈ పేరు ఒక స్త్రీనామమూ ఒక పురుషనామమూ అతికినట్లు వినిపించవచ్చు. అటువంటప్పుడు సులభమైన మార్గం మొదటి సగాన్ని విడిచి 'రుషి'తో సరిపెట్టుకోవడం. దీనివల్ల పేరు పొట్టిదవుతుంది, నగరానికి నప్పుతుంది, ఎవరూ వివరణ అడగరు. పోయేది ఒక్కటే: ఆ ఋషి ఎవరన్న సంగతి. ఋషులు అసంఖ్యాకులు, నేసిన ఋషి ఒక్కడే.

సూరత్ సాహిత్యచరిత్రలోనే ఇందుకు ఎదురుదృష్టాంతం ఉంది. ఆధునిక గుజరాతీ సాహిత్యానికి ఆద్యులలో ఒకడుగా గణనకెక్కిన నర్మద్ 1833లో ఈ నగరంలోనే జన్మించాడు. ఆయన పూర్తిపేరు నర్మదాశంకర్ లాల్‌శంకర్ దవే. నర్మదాశంకర్, ఉమాశంకర్, రేవాశంకర్ వంటి పేర్లలో పూర్వార్ధం నదీనామమో దేవీనామమో, ఉత్తరార్ధం శంకరుడు. అంటే స్త్రీనామంతో మొదలయ్యే పురుషనామం గుజరాతీకి కొత్త కాదు. మొదటి సగం స్త్రీనామంగా వినిపించడం పేరును కత్తిరించడానికి చాలిన కారణం కాదని ఈ పేర్లే చెబుతున్నాయి. పైగా, పేరు కుదించుకున్నప్పుడు ఈ కవి దేశమంతటా వినిపించే శంకర శబ్దాన్ని వదిలి, తన ప్రాంతపు నది పేరును నిలుపుకున్నాడు. 1873లో వెలువడిన ఆయన నిఘంటువు నర్మకోశ్ కూడా ఆ సగం పేరుతోనే ప్రసిద్ధమయింది. కుదింపు తప్పు కాదు. కుదించినప్పుడు ఏ సగం మిగిలిందన్నదే విచార్యం. నర్మద్ అరుదైన సగాన్ని నిలిపాడు. 'రుషి' అన్నప్పుడు మిగిలేది అందరికీ చెందిన సగం.

దీనికి ఒక ఆక్షేపణ ఉంది. దానిని తేలికగా తోసివేయడం న్యాయం కాదు. కులమూలపురుషుని పేరు బిడ్డకు పెట్టడమంటే కులాన్ని అతని నుదుట రాయడమేనని, పరాయి నగరంలో ఆ గుర్తు లేకుండా బ్రతకడం శ్రామికుని హక్కు అని వాదించవచ్చు. ఈ మాటలో బలముంది. పేరు ద్వారా కులాన్ని చదివే సమాజంలో పేరు మార్పు ఆత్మరక్షణ కూడా. అయితే రాజవంశాలను, యుద్ధవిజయాలను స్ఫురింపజేసే పేర్లకు లేని సంకోచం, పనిని స్ఫురింపజేసే పేరుకే ఎందుకు కలగాలన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. భావనాఋషి నామం ఆధిక్యాన్ని చాటదు. లోకం కట్టుకున్న బట్ట ఎవరో నేసినదని మాత్రమే గుర్తుచేస్తుంది. పెట్టుకోవడమో మానడమో తల్లిదండ్రుల నిర్ణయం. ఆ నిర్ణయం తెలిసి చేసినదై ఉండాలి.

తెలియకుండా జరిగే మార్పులకు తావు కార్యాలయపు దస్త్రాల్లో ఎక్కువ. గుజరాత్ పద్ధతిలో ఇంటిపేరు, సొంతపేరు, తండ్రి పేరు వరుసగా రాస్తారు. ఇంటిపేరు ముందుండడం తెలుగువారికి అలవాటే. తండ్రి పేరు వెంట నడవడం కొత్త. ఈ పద్ధతి వల్ల సూరత్‌లో ఒక భావనాఋషి పేరు అతని సంతానం పేర్లలోనూ నిలుస్తుంది; అరుదైన పేరుకు మరొక తరం ఆయుష్షు లభిస్తుంది. అదే సమయంలో తండ్రి పేరు ఒకచోట 'రుషి' అని, మరొకచోట 'రిషి' అని, ఇంకొకచోట 'భావనా' వేరుపడి నమోదైతే ఆ పొరపాటు పిల్లల పత్రాలకూ పాకుతుంది. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం పేరు లేకుండానే జననాన్ని నమోదు చేసి, పేరును తరువాత చేర్పించే వెసులుబాటు కల్పించింది. 2023 సవరణ తరువాత, ఆ సంవత్సరం అక్టోబరు 1 నుంచి పుట్టినవారికి జననధ్రువపత్రమే పాఠశాల ప్రవేశం మొదలు ఓటర్ల జాబితా వరకు ఆధారమయింది. కాబట్టి మొదటి రోజు గుమాస్తా రాసిన రూపమే జీవితాంతం వెంట వస్తుంది.

కూనపులివారి పటం చూసి కథ వినే అవకాశం వలసనగరపు బాలునికి దక్కకపోవచ్చు. మారన కావ్యంలో వెతికితే ఈ ఋషి దొరకడు. అటువంటి బాలునికి ఆ కథ చేరగల దారులు ఇంట్లోని పెద్దలు, తెలుగు మాధ్యమ పాఠశాల, తన పేరు. మొదటి రెండూ కుదరని చోట పేరే మిగులుతుంది. తల్లిదండ్రులు కోరి పెట్టిన అయిదక్షరాలనూ విరవకుండా, సంధి దిద్దకుండా, ఒకే వరుసలో నమోదు చేయడం గుమాస్తాకు పెద్ద శ్రమ కాదు. ఆ బాలుడు ఏనాడో 'భావనాఋషి అంటే ఎవరు?' అని అడిగితే, ఆ ప్రశ్నకు చోటిచ్చింది ఆ దస్త్రమే అవుతుంది.