ఎక్కే చోటు చూసుకుని దిగాలి

స్కూబా డైవింగ్ అంటే మనలో చాలామందికి పడవే గుర్తొస్తుంది. గైడు చూపించిన చోట దూకడం, అతను సైగ చేసినప్పుడు పైకి రావడం. కరీబియన్ సముద్రంలో, వెనిజులా తీరానికి సుమారు 80 కిలోమీటర్ల దూరంలో ఉన్న బొనేర్ దీవిలో పద్ధతి వేరు. అక్కడికి వచ్చినవాళ్లు పికప్ ట్రక్కు అద్దెకు తీసుకుని, వెనకాల సిలిండర్లు వేసుకుని తీరం వెంట పోతారు. రోడ్డు పక్కన పసుపు రంగు రాయి మీద డైవింగ్ చోటు పేరు కనిపిస్తే ఆగుతారు. ఎదురుగా ఉన్న క్లైన్ బొనేర్ అనే చిన్న దీవిలోవి కూడా కలుపుకుంటే డైవింగ్ చోట్లు 80కి పైనే. ఎప్పుడు దిగాలో, ఎంతసేపు ఉండాలో ఎవరూ చెప్పరు. ఒడ్డు నుంచి చేసే డైవింగ్‌లోని రుచి ఆ స్వేచ్ఛే.

అయితే రాయి కనిపించింది కదా అని దిగిపోకూడదు. మొదట గాలి చూడాలి. బొనేర్‌లో ఏడాదిలో ఎక్కువ రోజులు గాలి తూర్పు నుంచి వీస్తుంది. అందుకే తూర్పు తీరమంతా అలల హోరు. పడమటి తీరం దీవి చాటున ప్రశాంతంగా ఉంటుంది. డైవింగ్ చోట్లు దాదాపు అన్నీ అటువైపే. ఏ దీవికి వెళ్లినా గాలికి చాటుగా ఉన్న ఒడ్డునే వెతకాలి. గాలి తిరగబడితే మాత్రం ఆ లెక్క చెల్లదు. 1999 నవంబరులో లెన్నీ తుపాను పడమర నుంచి తూర్పుకు నడిచింది. ఎప్పుడూ నిమ్మళంగా ఉండే పడమటి తీరంలోనే, లోతు తక్కువ చోట్ల పగడాలు విరిగిపోయాయి.

తర్వాత నీటి రంగు. లేతాకుపచ్చగా ఉంటే లోతు తక్కువ, కింద ఇసుక. అది చిక్కటి నీలంలోకి మారే గీత దగ్గరే పగడపు దిబ్బ లోతుకు వాలుతుంది. బొనేర్‌లో ఒడ్డు నుంచి కాసేపు ఈదితే చాలు, 10 మీటర్ల లోతు దగ్గర ఆ వాలు మొదలవుతుంది. చాలాసేపు ఈదితే గానీ అందని దిబ్బకు పడవలో వెళ్లడమే మేలు.

నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది బయటికొచ్చే దారి. దిగేటప్పుడు ఒంట్లో ఓపిక ఉంటుంది. గంట తర్వాత అలసిన కాళ్లతో, 20 కిలోలకు పైబడిన సామాను మోస్తూ, తడి రాళ్ల మీద ఎక్కి రావాలి. బొనేర్‌లో ‘వెయ్యి మెట్లు’ అని పేరున్న చోటొకటి ఉంది. నిజానికి మెట్లు వందకు చాలా తక్కువ. సిలిండరుతో తిరిగి ఎక్కినవాళ్లకు ఆ పేరు అతిశయోక్తి అనిపించదు. అందుకే ఎక్కగలిగే చోటు చూసుకున్నాకే దిగాలి.

ఒడ్డున పది నిమిషాలు నిలబడి అలలు గమనించండి. పెద్దవి వరసగా నాలుగైదు వచ్చి, తర్వాత కాసేపు తెరిపినిస్తాయి. ఆ తెరిపిలోనే దిగాలి. విరిగే అలల మధ్య ఒక పట్టీ మాత్రం నునుపుగా కనిపిస్తే, అది సులువైన దారి అనుకోకండి. నీరు సముద్రంలోకి లాగేసే చోటు కావచ్చు. మందపాటి అడుగున్న బూట్లు తప్పనిసరి. మాస్కు పెట్టుకుని, రెగ్యులేటరు నోట్లో ఉంచుకుని, ఫిన్స్ చేత పట్టుకుని, తోడు వచ్చిన డైవరు భుజం ఆసరాగా నడవాలి. ప్రతి అడుగూ పాదంతో తడిమి చూశాకే బరువు మోపాలి. రాళ్ల సందుల్లో సీ అర్చిన్‌ల ముళ్లుంటాయి. నడుంలోతు వచ్చాక ఫిన్స్ తొడుక్కోవచ్చు.

నీటిలోకి వెళ్లాక ముందు ప్రవాహానికి ఎదురీదాలి. అప్పుడు తిరుగు ప్రయాణంలో ప్రవాహమే మనల్ని తీసుకొస్తుంది. 200 బార్ గాలితో దిగితే 130 దగ్గరే వెనక్కి మళ్లడం మంచి అలవాటు.

బొనేర్‌లో ఒడ్డుకు ఇంత దగ్గర్లో పగడాలు మిగలడం అదృష్టం ఒక్కదాని వల్ల కాదు. అక్కడ 1971లో ఈటెలతో చేపలు పట్టడాన్ని, 1975లో పగడాలను విరవడాన్ని, తీసుకెళ్లడాన్ని నిషేధించారు. 1979లో దీవి చుట్టూ ఉన్న సముద్రాన్ని 60 మీటర్ల లోతు వరకు రక్షిత ప్రాంతం చేశారు. 1962లో అక్కడికి వచ్చిన అమెరికన్ కెప్టెన్ డాన్ స్టీవర్ట్ ఈ రక్షణ కోసం పట్టుబట్టినవారిలో ముందుంటారు. డైవర్లు చేతికి గ్లవ్స్ వేసుకోవడం కూడా అక్కడ నిషిద్ధం. గ్లవ్స్ ఉన్న చేయి పగడాన్ని పట్టుకోవడానికి వెనకాడదు కాబట్టి నాకది సబబైన నియమం అనిపిస్తుంది.

అంత దూరం వెళ్లలేనివారికి అండమాన్లు ఉన్నాయి. అక్కడి హావ్‌లాక్ దీవిలోని నీమో రీఫ్‌కు ఒడ్డు నుంచే వెళ్లొచ్చు. బొనేర్‌లో ఆటుపోట్ల తేడా స్వల్పం; అండమాన్లలో అది 2 మీటర్ల దాకా ఉంటుంది కనుక పోటు వేళలు కనుక్కుని బయల్దేరండి.

2023లో బొనేర్ పగడాలకు కణజాలాన్ని తినేసే వ్యాధి సోకింది. అలాంటిది మన సామానుతో పాకకుండా, మీరు ఏ దీవికి వెళ్లినా, ఒక చోటు నుంచి మరో చోటుకు మారే ముందు సామానంతా క్రిమిసంహారక ద్రావణంలో కడిగి ఆరబెట్టుకోండి.