వెలిగాకే తెలిసే పనితనం

శిల్పారామంలోనో, ఏ హస్తకళల దుకాణంలోనో వరసగా పేర్చిన తోలు దీపాలను పట్టపగలు చూస్తే పెద్దగా మనసుకు పట్టవు. ఎరుపు నల్లబారినట్టు ఉంటుంది. పసుపు మురికి పట్టినట్టు ఉంటుంది. గీతలు కావలసినదానికన్నా లావుగా కనిపిస్తాయి. బొమ్మ మెడ చుట్టూ, నడుము చుట్టూ ఎందుకు పొడిచారో తెలియని చిల్లులు. లోపలి బల్బు వేయగానే ఆ లోపాలన్నీ పనితనంగా మారిపోతాయి. ఎరుపు తేరుకుంటుంది, పసుపు బంగారమవుతుంది, లావు గీత ముఖానికి తీరు తెస్తుంది, చిల్లులు కంఠహారాలై వడ్డాణాలై మెరుస్తాయి. చేసిన మనిషి మొదటి నుంచీ లెక్క వేసుకున్నది ఈ రెండో చూపునే. తోలులోంచి వచ్చే వెలుతురును నమ్ముకున్న పని ఇది. దాన్ని ఆ వెలుతురులోనే చూడాలి.

రంగులోంచి వెలుతురును పంపి బొమ్మ కట్టే విద్యను యూరప్‌లో చర్చి కిటికీల గాజు మీద సాధించారు. దాని మేలిరకం నమూనా మనకు మెదక్‌లో ఉంది. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగిన ఆ చర్చిలో క్రీస్తు పుట్టుక, శిలువ, ఆరోహణం చూపే మూడు రంగు గాజు కిటికీలకు బొమ్మలు గీసినవాడు లండన్ చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ. పగలు బయట నిలబడి చూస్తే అవి మసక గాజు పలకలు. లోపలికి వెళ్లి చూస్తే రంగుల కథ. పొద్దుగూకితే ఆ కథ ఆగిపోతుంది. సూర్యుడు చేసే ఆ పనిని దీపానికి అప్పగించి, రంగు గాజును ఇంటి బల్ల మీదికి తెచ్చిన పేరు న్యూయార్క్‌కు చెందిన లూయీ కంఫర్ట్ టిఫనీది. 1890ల చివరి నుంచి ఆయన కార్ఖానాలో తయారైన దీపాలలో ప్రసిద్ధికెక్కిన ఎన్నో నమూనాలు క్లారా డ్రిస్కాల్ అనే ఆమె గీసినవి. గాజు ముక్క ముక్కకూ అంచున సన్నని రాగి రేకు చుట్టి, రేకునూ రేకునూ టంకంతో అతికేవారు. కిటికీలకు వాడే సీసపు పట్టీల కన్నా ఇది సన్నం, ఒంపులకు అనువు. అందుకే ఒక్క దీపం గొడుగులో రెండు వేలకు దగ్గరగా గాజు ముక్కలు ఒదిగించగలిగారు.

తెలుగునాట ఈ విద్య గాజును ఎంచుకోలేదు, మేకతోలును ఎంచుకుంది. తోలుబొమ్మలాట నుంచి పుట్టిన దీపాల వూరు నిమ్మలకుంట, ధర్మవరం పక్కన. 2022 దాకా అది అనంతపురం జిల్లా, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా. అక్కడి కళాకారుల పూర్వులు మరాఠా నేల నుంచి వచ్చినవాళ్లు. ఇంట్లో మరాఠీ యాస, తెర వెనుక తెలుగు పద్యం. ఆ వూరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చాక ఈ పని పేరు పత్రికలకెక్కింది గానీ, పని మాత్రం చాలా పాతది.

ఎంత పాతదో చెప్పే ఆధారాలు మన పాలమూరు (మహబూబ్‌నగర్) చుట్టుపక్కలే ఉన్నాయి. పాల్కురికి సోమనాథుడి పండితారాధ్య చరిత్రలో శ్రీశైల శివరాత్రి వేడుకల వర్ణనలో బొమ్మలాటల ప్రస్తావన ఉంది. నల్లమల దాటి ఆ కొండకు నడిచివెళ్లే భక్తుల్లో పాలమూరు వాళ్లు ఎప్పుడూ ఉన్నవాళ్లే. ఇక బొమ్మలాటగాళ్లు రామాయణం ఆడేటప్పుడు ఎక్కువగా ఆధారం చేసుకున్నది రంగనాథ రామాయణం. 13వ శతాబ్దంలో గోన బుద్ధారెడ్డి పేరున వెలసిన ద్విపద కావ్యం అది. గోన వంశం ఏలిన వర్ధమానపురం ఇవాళ్టి నందివడ్డెమాన్, నాగర్‌కర్నూల్ జిల్లాలోది, అంటే పాత పాలమూరు జిల్లాలోది. రెండు పాదాలకు ఒక మెలిక తిరిగే ద్విపద నోటికి పట్టుబడుతుంది, తాళానికి ఒదుగుతుంది. తెర వెనుక రెండు చేతులా బొమ్మలు పట్టుకుని పుస్తకం చూడకుండా పాడాల్సినవాడికి అంతకన్నా అనువైన ఛందస్సు లేదు. ఇవాళ దీపం మీద ధనుర్భంగమో హనుమంతుడో వెలుగుతున్నాడంటే, ఆ బొమ్మ వెనుక పాలమూరు సీమ కవిత్వం ఉంది.

నీడ బొమ్మలాటలు దేశంలో వేరే చోట్లా ఉన్నాయి. కేరళ తోల్పావకూత్తులో, ఒడిశా రావణఛాయలో తెర మీద ప్రధానంగా పడేది నల్లటి నీడ. చిల్లుల్లోంచి వచ్చే వెలుగుతోనే అక్కడ నగలూ అంచులూ తెలుస్తాయి. నీడను కొలిచి పనికి పెట్టడం మన పూర్వులకూ తెలుసు. నల్లగొండ పక్కన పానగల్లులో ఛాయా సోమేశ్వరాలయం కట్టిన శిల్పులు బయటి స్తంభాలను, వెలుతురు వచ్చే దారులను అమర్చిన తీరు వల్ల గర్భాలయంలో లింగం మీద నీడ పగలంతా నిలిచే ఉంటుంది. తెలుగు తోలుబొమ్మ చేసేవాడు మాత్రం నీడకు రంగు కావాలనుకున్నాడు. ఆ ఒక్క కోరిక వల్లే తోలును ఇంత పలచగా, వెలుతురు దూరేలా చేయాల్సి వచ్చింది.

పనంతా అక్కడే మొదలవుతుంది. చెప్పులకూ బొక్కెనలకూ వాడే తోలును పూర్వం తంగేడు చెక్కతో ఊనేవారు. ఊనిన తోలు మెత్తగా, మన్నికగా ఉంటుంది, కానీ వెలుతురును మింగేస్తుంది. దీపానికి పచ్చి తోలే కావాలి. మేకతోలును నీళ్లలో నానబెట్టి, వెంట్రుకలనూ లోపలి వైపు కొవ్వునూ కత్తితో గీకి, నాలుగు వైపులా లాగి బిగించి ఆరబెడతారు. కొవ్వు మిగిలిన చోట నూనె మరకలా చుక్క పడుతుంది, అక్కడ రంగు సరిగా అంటదు. ఎక్కువ గీకిన చోట పలచబడి చిరుగు పడుతుంది. ఆరిన తోలు ఎముక రంగులో, మీటితే గలగలమనేంత బిరుసుగా ఉంటుంది. వెలుతురుకు అడ్డం పెట్టి చూస్తే మేక ఒంటి మీది నరాల జాడలు అక్కడక్కడ కనిపిస్తాయి. మంచి పనివాడు ఆ జాడలు ముఖం మీదికి రాకుండా బొమ్మను తోలు మీద జరిపి పెట్టుకుంటాడు.

ఈ తోలుకున్న పెద్ద గుణం వెలుతురును చెదరగొట్టడం. మామూలు గాజులోంచి చూస్తే వెనుక దీపం కంట్లో పొడుస్తుంది. అందుకే టిఫనీ పాలగాజు లాంటి మబ్బు గాజును వెతుక్కున్నాడు. పచ్చి తోలుకు ఆ మబ్బుతనం పుట్టుకతోనే ఉంది. బల్బు ఎక్కడుందో తెలియనివ్వకుండా బొమ్మంతటినీ ఒకే తీరున వెలిగిస్తుంది.

తర్వాత గీత. ముందు సన్నగా గీసి, నల్ల సిరాతో బొమ్మ హద్దులు దిద్దుతారు. రంగు గాజులో సీసం చేసే పని ఇక్కడ నల్ల గీత చేస్తుంది, ఒక రంగు పక్క రంగులోకి వెలుగుతో పాటు పారకుండా కట్ట వేస్తుంది. గీత సన్నబడితే వెలుతురు దాన్ని తినేస్తుంది. ఆర్పి ఉన్నప్పుడు లావుగా అనిపించిన గీత వెలిగాక సరిపోయేది ఇందుకే. చేతికి అలవాటైన పనివాడు ఎంత గీత తగ్గిపోతుందో ముందే లెక్కగట్టి ఆ మేరకు లావు పెంచుతాడు.

అన్నిటికన్నా మెచ్చుకోవలసింది చిల్లుల పని. తోలును మొద్దు మీద పరిచి, రకరకాల మొనలున్న ఉలులతో, సుత్తి దెబ్బకు ఒక చిల్లు చొప్పున కొడతారు. గుండ్రని చిల్లు ముత్యం, మూలలున్నది రత్నం, సన్నని చీలిక చీర అంచు. రంగు వేసినచోట వెలుతురు తోలును దాటి రావాలి, చిల్లు ఉన్నచోట అడ్డే లేదు. అందుకే నగ ఒంటికన్నా ఎక్కువగా వెలుగుతుంది. బంగారం ఒంటికన్నా మెరవాలన్న లోకన్యాయాన్ని రంగు పూయకుండా, తోలు తీసేసి సాధించడం ఈ విద్యలోని తెలివి. అయితే చిల్లూ చిల్లూ మరీ దగ్గరైతే మధ్య తోలు తెగుతుంది. దూరమైతే హారం తెగిపోయినట్టు కనిపిస్తుంది. తప్పు దెబ్బ పడితే దిద్దుకునే దారి లేదు. వరస సమంగా నడిచిన హారాన్ని చూసి ఆ చెయ్యి ఎంతకాలం ఉలి పట్టిందో చెప్పవచ్చు.

రంగును రెండు వైపులా వేస్తారు. ఒక్క వైపే వేస్తే వెలుగులో పలచబడి వెలవెలబోతుంది. రెండు పూతలూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోకపోతే అంచున రెండో నీడ కనిపిస్తుంది. పూర్వం ఆకులు, బెరడులు, కాయల రంగులు వాడేవారు, ఇప్పుడు ఎక్కువగా బజారులో దొరికే రంగులే. ఏ రంగైనా తోలులోకి ఇంకి వెలుతురును పోనివ్వాలి. సున్నం లాంటి మందపు రంగు పనికిరాదు, అది వెలుతురుకు అడ్డం నిలిచి నల్లటి మచ్చవుతుంది. తెల్లగా కనిపించాల్సిన కన్ను, పన్ను లాంటివాటికి రంగే వేయరు, తోలునే వదిలేస్తారు.

ఇంతవరకూ బొమ్మకూ దీపానికీ ఒకే దారి. ఇక్కడి నుంచి దారులు చీలతాయి.

బొమ్మకు మెడ దగ్గర, భుజం దగ్గర, మోచేతి దగ్గర, నడుము దగ్గర కీళ్లు ఉంటాయి. వెనుక వెదురు బద్ద పట్టుకుని ఆడిస్తారు. మనిషెత్తు బొమ్మలు ఉండటం తెలుగు ఆటకు పేరు తెచ్చింది. రావణుడు ఒక్కడికే నాలుగైదు తోళ్లు పట్టేవని చెబుతారు. ముందు ఆముదపు దీపాలు, తర్వాత లాంతర్లు, పెట్రోమాక్సులు, చివరికి బల్బులు ఆ తెరను వెలిగించాయి. మధ్యలో కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు వచ్చి నవ్వించేవారు. సినిమా, టీవీ వచ్చాక రాత్రంతా కూర్చుని చూసేవారు తగ్గారు. ఆటగాళ్లు గోడకు వేలాడే బొమ్మలూ దీపపు గొడుగులూ చేయడం మొదలుపెట్టారు.

దీపం చేయడం బొమ్మ చేయడం కన్నా తేలిక అనుకుంటే పొరపాటు. దీపానికి ఇనుప తీగతో చట్రం కట్టి, తోలును తడిపి దాని మీదికి లాగి కుడతారు. ఆరేకొద్దీ పచ్చి తోలు దగ్గరకు లాక్కుని చట్రాన్ని బిగించుకుంటుంది. మన డప్పు మీద మేకతోలును మంట దగ్గర కాచి బిగువు తెప్పించేది ఈ గుణంతోనే. బిగువు అన్ని వైపులా ఒకేలా రాకపోతే చట్రం వంకరపోతుంది, బొమ్మ ముఖం సాగిపోతుంది. పెద్ద దీపానికి ఒక తోలు చాలదు కాబట్టి కుట్టు తప్పదు. కుట్టిన చోట రెండు పొరలు పడి వెలుతురు తగ్గుతుంది. ఆ నల్లగీతను చెట్టు కాండంలోనో, స్తంభంలోనో, రెండు బొమ్మల మధ్య అంచులోనో కలిపేస్తే అది కనపడదు.

మరో చిక్కు చూపు దూరం. తెర మీది బొమ్మను ప్రేక్షకులు దూరంగా కూర్చుని, మధ్యలో బట్ట అడ్డం ఉండగా చూసేవారు. చిన్న తప్పులను బట్టే మెత్తబరిచేది. దీపానికి ఆ బట్ట లేదు. మంచం పక్కనో బల్ల మీదో మూరెడు దూరంలో ఉంటుంది. పూత చెదిరినా, చిల్లు పక్కకు జరిగినా రోజూ కనిపిస్తుంది. పైగా గుండ్రని గొడుగు మీద బొమ్మ వంగుతుంది. ఒకేసారి సగమే కనిపిస్తుంది. కాబట్టి ఎటు తిప్పినా కథలో ఒక ముక్క నిండుగా ఉండేలా అమర్చాలి. కీళ్ల కదలిక పోయినచోట ఈ అమరిక వచ్చి చేరింది. నెమలి, ఏనుగు, చెట్టు, లతలు ఎక్కువగా కనిపించడానికి కొంత కొనేవాళ్ల ఇష్టం కారణం, కొంత ఆ వంపులో అవి చక్కగా ఒదగడం కారణం.

పోయినదాన్ని పోయినట్టే చెప్పుకోవాలి. పద్యం పోయింది, గొంతు పోయింది, తాళం పోయింది. రాముడు ఒక భంగిమలో నిలిచిపోయాడు. జుట్టుపోలిగాడికి బల్ల దీపం మీద పనేం లేదు. ఆట బతకాలంటే ఆటకు తెర, ఊరు, ప్రేక్షకులు కావాలి. దీపాలు అమ్మితే వచ్చే డబ్బు ఆటగాడి ఇల్లు నడుపుతుంది, ఆటను మాత్రం నడపదు.

అలాగని దీపాన్ని ఆట మిగిల్చిన చిల్లరగా లెక్కగట్టడం అన్యాయం. కొనబోయే ముందు దుకాణంలో బల్బు వేయించి చూడండి. ముందుగా ముఖం చూడండి, నరాల జాడ దాటిపోయిందా లేదా అని. తర్వాత రెండు పూతల అంచులు, హారంలో చిల్లుల వరస, చివరగా కుట్టు ఎక్కడ దాచారో వెతకండి. ఇంటికి తెచ్చాక వేడి తక్కువగా ఉండే ఎల్‌ఈడీ బల్బు పెట్టండి. వేడి బల్బు తోలును ఇంకా ఆరబెట్టి ముడుచుకునేలా చేస్తుంది. నీళ్లు, చెమ్మ, నేరుగా పడే ఎండ తగలనివ్వకండి. దుమ్మును పొడి బట్టతో తుడిస్తే చాలు.

ఈ నాలుగు పరీక్షల్లో నెగ్గిన దీపం చేసిన చేయి తెర వెనుక పనిచేసిన చేయికి ఏమాత్రం తీసిపోదు. తెర దాచిపెట్టే తప్పులను దాచుకునే వీలు లేకుండా, మూరెడు దూరం నుంచి చూసే కంటికి ఒప్పేలా పని చేసి చూపించింది. కొనేటప్పుడు బేరం ఆడాలనిపిస్తే, ముందు ఆ హారంలో చిల్లులు లెక్కపెట్టి, తర్వాత ధర అడగడం మర్యాద.